బోను పెట్టేముందు ఒక్కమాట: బ్రిటన్‌లో కూరగాయలు పండించుకునే తెలుగువాళ్లకు బహిరంగ లేఖ

ఏటా మార్చిలో సొర, బీర, చిక్కుడు విత్తనాలు పొట్లాలు కట్టి పంచుకునే మన తోటల బృందంలోని అన్నలకు, అక్కలకు, తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మిల్టన్ కీన్స్ నుంచి నమస్కారం.

పోయిన నెల మనలో ఒకరు ఫొటో పెట్టారు. కారు డిక్కీలో పాత దుప్పటి, దాని మీద ఇనుప బోను, బోనులో గ్రే ఉడత. "పదిహేను మైళ్ల అవతల అడవిలో వదిలేసి వచ్చాం. పాపం, అక్కడ హాయిగా బతుకుతుంది" అని కింద రాశారు. సాయంత్రానికల్లా నలభైకి పైగా దండాలు పడ్డాయి. బోను ఎక్కడ కొన్నారని ఏడుగురు అడిగారు. ఒకాయనైతే వాళ్ల ఊరి పక్కనున్న అడవి మ్యాప్ కూడా పెట్టి, ఇక్కడ పార్కింగ్ ఫ్రీ అని చెప్పారు.

నేను దండం పెట్టలేదు. అలాగని కాదనీ అనలేదు. అనడానికి మొహం చెల్లలేదు, ఎందుకంటే నాలుగేళ్ల కిందట సరిగ్గా అదే పని నేనూ చేశాను. ఆ సంగతి దాచి మీకు నీతులు చెబితే బాగుండదు కాబట్టి ముందు నా కథే చెబుతాను. తొందరలో ఉన్నవాళ్లు మాత్రం ఈ ఒక్క ముక్క చదివి వెళ్లినా చాలు: ఈ దేశంలో గ్రే ఉడతను పట్టుకున్నాక మళ్లీ వదలడం నేరం. అడవిలో వదిలినా, పార్కులో వదిలినా, మనసు మారి మన పెరట్లోనే బోను తలుపు తీసినా నేరమే.

ఆ ఏడాది అమ్మ మే నెలలో వచ్చింది, ఆరు నెలల విజిటర్ వీసా మీద. మాది కోనసీమ. ఖాళీ నేల కనిపిస్తే అమ్మకు చెయ్యి ఊరుకోదు. కిటికీ గట్టు మీద ఏప్రిల్లో నేను మొలకెత్తించిన సొర నారు ఎనిమిది చిన్న కుండీల్లో ఉంది. రాత్రి చలి కాస్త తగ్గాక, మే ఆఖరి వారంలో, ఆ ఎనిమిదింటినీ వెనక పేవింగ్ మీదున్న పెద్ద కుండీల్లోకి మార్చింది. కొత్త కంపోస్టు. నల్లగా, మెత్తగా, వేలు పెడితే దిగిపోయేలా ఉంది. మర్నాడు పొద్దున్న చూస్తే ఎనిమిదింట్లో అయిదు పీకేసి ఉన్నాయి.

తినలేదు. అసలు మంట అక్కడే. తింటే ఆకలేసి తింది పోనీలే అనుకుంటాం. మొక్కను వేరుతో సహా లాగి పక్కన పడేసి, కుండీ నడిమధ్యలో గుంత తవ్వి, మట్టి మళ్లీ చక్కగా సర్ది వెళ్లింది. ఆ మట్టి కెలికితే లోపల ఒక వేరుశనగకాయ, తొక్కతో సహా. మేం పల్లీలు బయట వేయం. పక్కింటి పెద్దావిడ వేస్తుంది. అంటే ఆవిడ పెట్టినదాన్ని తెచ్చి మా సొరపాదులో డిపాజిట్ చేసుకుని పోయిందన్నమాట.

వచ్చిన మొదటి వారం అమ్మే దాన్ని ముద్దు చేసింది. "ఉడతరా, పాపం" అని మిగిలిన అన్నం ముద్ద చేసి గోడ మీద పెట్టేది. ఒకరోజు అది కంచె మీద బాగా దగ్గరగా కూర్చుంటే వీపు వంక తేరిపార చూసి, "ఇదేం ఉడతరా, దీనికి చారలేవీ?" అంది. మన ఊళ్లో ఉడత వంద గ్రాములుంటుందేమో, ఇది అరకిలో. తోక బట్టల బ్రష్షులా ఉంటుంది. రాముడు నిమిరిన వేళ్ల గుర్తులు వెతికి వెతికి, సొర నారు పోయిన రోజున తేల్చేసింది: "ఇది వారధి కట్టిన బాపతు కాదు."

నేను ఆన్‌లైన్‌లో బోను తెప్పించాను. పళ్లెం మీద పీనట్ బటర్ రాసి పెడితే గంట తిరక్కుండానే తలుపు పడింది. ఫొటోలో ఉడత బోనులో బుద్ధిగా కూర్చున్నట్టు కనిపిస్తుంది కదా, దగ్గరికెళ్తే అలా ఉండదు. మూతిని వైర్ల సందుల్లోకి దూర్చి దూర్చి ముక్కు మీద తోలు లేచిపోయింది. ఒక వైరు మీద సన్నగా నెత్తురు. నేను వంగగానే పళ్లు టకటకలాడించింది, మన పాత టైప్‌రైటర్ చప్పుడులా. డిక్కీలో పెట్టి పావుగంట నడిపేసరికి ఉచ్చ కంపుతో కారంతా నిండిపోయింది. అడవి అంచున తలుపు తీస్తే వెంటనే పారిపోలేదు. ఒక మూలకి నక్కి, అయిదు నిమిషాలు నా వైపే చూసి, తర్వాత ఒక్క ఉదుటున పోయింది. నేను చేతులు దులుపుకుని, పుణ్యం చేశానన్న ఫీలింగుతో ఇంటికొచ్చాను.

వారం లోపే పెరట్లో ఇంకొకటి. దాన్నీ తీసుకెళ్లాను. మూడోదాన్నీ తీసుకెళ్లాను. ఆ మూడోసారి, బోను తలుపు తీశాక, కుక్కను తిప్పుకుంటున్న ఒక ముసలాయన ఆగి, ఇంతకీ ఏం వదిలావని అడిగాడు. చెప్పాను. ఆయన కోప్పడలేదు. నాతో రా అని ఇరవై అడుగులు లోపలికి తీసుకెళ్లి, నా నడుమంత లావున్న బీచ్ చెట్టు చూపించాడు. మనిషెత్తు పైన బెరడు పేలికలు పేలికలుగా ఒలిచేసి ఉంది, లోపలి తెల్ల చెక్క బయటపడి. అక్కడక్కడా పళ్ల గాట్లు. బెరడు చుట్టూరా పోతే పై కొమ్మంతా ఎండిపోతుందనీ, ఈ చెట్లు నాటిన గుంపులో తానూ ఉన్నాననీ చెప్పాడు. ఏప్రిల్ నుంచి జూలై దాకా గ్రే ఉడతలు పది నుంచి నలభై ఏళ్ల వయసున్న బీచ్, ఓక్, సికమోర్ చెట్లకు ఇదే పని చేస్తాయి. నేను మూడుసార్లు వచ్చింది జూన్లో. ఆయన "గుడ్ డే" చెప్పి వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే ఇంత గుర్తుండేది కాదేమో.

ఆ రాత్రి కూర్చుని చదివాను. చదివితే తెలిసిందేంటంటే, ఈ గొడవంతా మొదలైందే మనలాంటి వాళ్ల వల్ల. అంటే ఉడతను పెట్టెలో పెట్టి ఇంకోచోటికి తీసుకెళ్లి వదిలేవాళ్ల వల్ల.

గ్రే ఉడత ఈ దేశానిది కాదు, ఉత్తర అమెరికా తూర్పు భాగానిది. 1876లో చెషైర్‌లోని హెన్‌బరీ పార్కులో ఒక జంటను సరదాకి వదిలారు. 1890లో న్యూజెర్సీ నుంచి తెచ్చిన పదింటిని బెడ్‌ఫర్డ్ డ్యూకుల ఎస్టేట్ అయిన వోబర్న్‌లో వదిలారు. వోబర్న్ ఎక్కడో కాదు, మా ఇంటి నుంచి కార్లో పావుగంట, పిల్లల్ని సఫారీ పార్కుకి తీసుకెళ్లే ఊరు. అక్కడ అవి పిల్లల్ని పెట్టి పెరిగాక, అడిగిన వాళ్లందరికీ, లండన్ రీజెంట్స్ పార్కుతో సహా, కానుకలుగా పంపారు. ఆ రోజుల్లో కొత్త జంతువును తోటలో వదలడం పెద్దింటి ఫ్యాషన్. 1911లో ఐర్లండ్‌కి వెళ్లినవి కూడా అలాంటి కానుకే, అదీ పెళ్లి కానుక. ఉడతలు వాటంతటవే అంత త్వరగా దేశమంతా పాకలేదనీ, మనుషులు మోసుకెళ్లి వదలడం వల్లే చాలాచోట్లకు చేరాయనీ వాటి జన్యువులు పరిశీలించినవాళ్లు కూడా చెప్పారు. న్యూజెర్సీలో ఉన్న మా పెదనాన్న కొడుక్కి ఈ సంగతి చెబితే, "మేం పంపిన పార్సిల్ రా, సంతకం పెట్టి తీసుకోండి" అని నవ్వాడు.

ప్రభుత్వం కళ్లు తెరిచేసరికి ఆలస్యమైంది. 1937లో వీటిని దిగుమతి చేసుకోవడం, పెంచుకోవడం నిషేధించారు. 1950లలో తోక తెచ్చి చూపిస్తే ఒక షిల్లింగు ఇచ్చారు, తర్వాత రెండు షిల్లింగులిచ్చారు. తోకలు బాగానే వచ్చాయి, ఉడతలు మాత్రం తగ్గలేదు. ఇప్పుడు 27 లక్షల దాకా ఉన్నాయని అంచనా. ఇక్కడి సొంత ఉడత, ఎర్రది, చెవుల మీద కుచ్చులతో ఉండేది, మూడు లక్షల లోపే మిగిలింది. అందులో ఎక్కువ భాగం స్కాట్లండ్‌లోనే. గ్రే ఉడత తిండి దగ్గర దాన్ని తోసేస్తుంది, అది ఒకెత్తు. స్క్విరల్‌పాక్స్ అనే వైరస్‌ను మోస్తుంది, అది అసలు దెబ్బ. గ్రే ఉడతకు ఆ వైరస్ ఏమీ చేయదు, ఎర్ర ఉడతకు సోకితే రెండు మూడు వారాల్లో చచ్చిపోతుంది.

ఇంతకీ నేను చేసిందేంటి? డ్యూకులు గుర్రబ్బండి మీద చేసిన పనిని నేను హ్యాచ్‌బ్యాక్‌లో చేశాను.

చట్టం గురించి సూటిగా చెబుతాను. ఇక్కడి చట్టం ప్రకారం గ్రే ఉడతను బయట వదలకూడదు. 2019 నుంచి ఇంగ్లండ్‌లో జంతువుల రక్షణ కేంద్రాలకు కూడా, గాయపడినదాన్ని బాగుచేసి వదలడానికి, అనుమతులు లేవు. వాళ్లకే లేనప్పుడు మనకెక్కడిది? పెద్ద కేసయితే జైలు శిక్ష దాకా ఉంది. ఉడత కోసం ఎవర్ని జైల్లో పెడతారని మీరు నవ్వచ్చు, నేనూ నవ్వాను. కానీ మనలో సగం మంది ఐఎల్ఆర్, అంటే ఇక్కడే శాశ్వతంగా ఉండే అనుమతి, దాని కోసమో పౌరసత్వం కోసమో ఎదురుచూస్తున్నవాళ్లం. ఆ ఫారాల్లో శిక్షలు, జరిమానాలు అన్నీ రాయాలి. ఫొటో, తేదీ, లొకేషన్‌తో సహా మన సాక్ష్యం మనమే గ్రూపులో పెట్టుకోవడం దేనికి చెప్పండి?

వదలకూడదంటే నీళ్లలో ముంచేద్దాం అని కిందటేడు ఒకరన్నారు. అది ఇంకా పెద్ద తప్పు. 2010లో బర్టన్ అపాన్ ట్రెంట్‌లో ఒకాయన తన పెరట్లో పట్టిన ఉడతను నీళ్ల తొట్టిలో ముంచి చంపితే జంతు సంక్షేమ చట్టం కింద కోర్టుకెళ్లింది. తప్పు ఒప్పుకుని ఖర్చులు కట్టుకున్నాడు. ఎలుకల మందు పెడదామా అంటే అదీ కుదరదు, గ్రే ఉడతల మీద ఏ విషమూ వాడటానికి ఇప్పుడు అనుమతి లేదు. జిగురు అట్టల మాటైతే ఎత్తనే వద్దు.

మరి చట్టం ఒప్పుకునేదేంటి? బోనులో పడ్డదాన్ని బాధ లేకుండా, వెంటనే చంపడం. అంతే. ఇంకో దారి లేదు. బోనును రోజుకి కనీసం ఒక్కసారైనా చూడాలి, రెండుసార్లు చూస్తే మేలు. ముళ్లపందిలా ఉండే హెడ్జ్‌హాగ్ పడితే, బ్లాక్‌బర్డ్ పడితే, దాన్ని మాత్రం అక్కడికక్కడే వదిలేయాలి.

అందుకే నా మాట ఇది: చంపగలిగే గుండె, చంపడం తెలిసిన చెయ్యి మీకుంటేనే బోను పెట్టండి. లేకపోతే కొనకండి. కొన్నవాళ్లు అటకెక్కించండి. నాది అటక మీదే ఉంది. చంపేవాళ్లను నేను తప్పుపట్టను. ఎర్ర ఉడతలున్న చోట వాలంటీర్లు ఏళ్ల తరబడి చేస్తున్నది అదే. వేల్స్‌లోని ఆంగ్ల్‌సీ దీవిలో 1998లో మొదలుపెట్టి, ఓపికగా ఒక్కోటీ పట్టి, దీవి మొత్తం గ్రే ఉడత లేకుండా చేశారు. ఇప్పుడక్కడ ఎర్రవి వందల్లో ఉన్నాయి. కానీ అది దీవి, చుట్టూ నీళ్లు. మిల్టన్ కీన్స్‌లోనో, రెడింగ్‌లోనో, హారోలోనో నా ముప్పై అడుగుల పెరట్లో రెండింటిని తీసేస్తే, ఆ ఖాళీలోకి పక్క వీధివి వస్తాయి. నాకు వారంలోపు ఇంకొకటి ఎలా వచ్చిందనుకున్నారు?

"చంపడం పాపం, వదలడం దయ" అనుకునేవాళ్ల కోసం ఇంకో సంగతి. అమెరికాలో, మేరీలాండ్‌లో, ఇదే జాతి ఉడతల్ని 38ని పట్టి, మెడకు రేడియో కాలర్లు కట్టి, ఊళ్లోంచి తీసుకెళ్లి అడవిలో వదిలారు. 88 రోజుల్లో 97 శాతం చచ్చిపోయాయి, లేదా ఆ చోటే విడిచి కనబడకుండా పోయాయి. కొత్త చోట దానికి గూడు తెలియదు, దాచుకున్న గింజ లేదు, ఉన్నవి రానివ్వవు. పైగా ఇవి ఏటా రెండు ఈతలు ఈనుతాయి, చలికాలం చివర ఒకటి, ఎండాకాలంలో ఒకటి. మీరు తీసుకెళ్లింది పాలిచ్చే తల్లి అయితే, చెట్టు మీద గూట్లో పిల్లలు ఆకలికి చస్తాయి. జూన్లో నేను మోసిన మూడింటిలో తల్లి ఉందో లేదో నేను చూడలేదు. చూడాలని తెలియదు.

సరే, మరి సొరకాయ తినొద్దా? తినాలి. అమ్మ ఆ ఏడాదే అక్టోబర్లోపు పదకొండు కాయలు కోసింది. ఎలాగో చెబుతాను. అంతకుముందు పనికిరాని వాటి గురించి చెప్పాలి, మనవాళ్లకి వాటి మీదే మోజు.

గుంటూరు కారం. అందరం మొదట చేసే పని ఇదే. కారం పక్షులకు తెలియదు, ఉడతలకు మండుతుంది, ఇది నిజమే. అందుకే కారం పట్టించిన పక్షిగింజలు షాపుల్లో అమ్ముతారు. కానీ మట్టి మీద చల్లిన కారం ఈ దేశపు వానకి ఎంతసేపు నిలుస్తుంది? నేను చల్లిన సాయంత్రమే జల్లు పడింది. అంతకుముందు గాలి వచ్చి సగం నా కళ్లల్లోనే పడింది. వరసగా నాలుగు రోజులు చల్లాక ఇంట్లో పచ్చడికి కారం లేదు, ఉడత మాత్రం ఉంది.

పాత సీడీలు, ప్లాస్టిక్ గుడ్లగూబ, దిష్టిబొమ్మ: తాటాకు చప్పుళ్లకు బెదిరే కుందేళ్లు కావివి. మూడో రోజుకి గుడ్లగూబ నెత్తి మీద కూర్చుని గింజ ఒలుచుకుంటున్న ఫొటో నా దగ్గరుంది. కలరా ఉండలు మాత్రం దయచేసి వద్దు. బీరువాలో పెట్టేవి బీరువాలోనే ఉండాలి. కూర వండుకునే మట్టిలో, పిల్లలు ఆడుకునే చోట వాటిని పారేయడం ఉడత కన్నా ప్రమాదం. ఇక ప్లాస్టిక్ వల. ఒక్క రాత్రిలో కొరికేస్తుంది. పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కాబట్టి కొరకడం దానికి సరదా కాదు, అవసరం. పైగా ఆ వల్లో హెడ్జ్‌హాగ్ కాళ్లు చిక్కుకుని చస్తుంది.

పనిచేసేది ఇనుప మెష్. గాల్వనైజ్డ్ వెల్డ్ మెష్, గడి అంగుళం మించకూడదు. కోళ్లగూడుకు వాడే పల్చటి జాలీ ఒక మోస్తరుగా పనిచేస్తుంది కానీ రెండేళ్లకు వదులవుతుంది. కుండీలకు నేను చేసేదిలా ఉంటుంది. కుండీ మూతి కొలతకు మెష్‌ను గుండ్రంగా, దోసె పెనంలా కత్తిరిస్తాను. అంచు నుంచి మధ్యదాకా ఒక చీలిక, మధ్యలో రెండు వేళ్లు పట్టే రంధ్రం. నారు నాటాక ఆ చీలికలోంచి కాడను మధ్యకు జరిపి, మెష్‌ను మట్టి మీద ఆనించి, వంచిన తీగ ముక్కలు నాలుగింటితో నాలుగు పక్కలా గుచ్చేస్తాను. చీలిక చివర్లని మాత్రం లోపలికి మడవాలి, లేకపోతే కాడను కోస్తాయి. నాకు రెండు మొక్కలు అలాగే పోయాయి. నీళ్లు పోయడానికి అడ్డం రాదు. ఉడత వస్తుంది, రెండుసార్లు గోకుతుంది, మెత్తటి మట్టి అందకపోయేసరికి వేరే చోటు చూసుకుంటుంది. దానికి మన మొక్క మీద కక్షేమీ లేదు, కొత్తగా తవ్విన మట్టి మీదే మోజు. అందుకే సెప్టెంబరు నుంచి నవంబరు దాకా, గింజలు దాచుకునే కాలంలో, వెల్లుల్లి రెబ్బలు, పూలదుంపలు పాతిన చోటల్లా ఇదే గొడవ. వాటి మీద మెష్ పరిచి, మొలకలు బయటపడ్డాక తీసేయండి. ట్యూలిప్, క్రోకస్ దుంపలంటే ప్రాణం, డాఫొడిల్ దుంప విషం కాబట్టి దాని జోలికి రాదు.

మొక్కజొన్నకు మాత్రం పూర్తి పంజరమే. పాలు పోసుకునే దశలో పొత్తులు ఒక్క పొద్దుటిపూటలో ఊడ్చేస్తుంది, అదీ రెండు కొరుకులు కొరికి కింద పడేస్తూ. సన్నటి కర్రలతో చట్రం కట్టి, నాలుగు పక్కలా పైనా మెష్ కొట్టి, అడుగున జానెడు లోతు మట్టిలోకి దింపి, ఒక పక్క బందులతో తలుపు పెట్టుకోవాలి. స్ట్రాబెర్రీకీ అంతే. మొదటిసారి ఖర్చనిపిస్తుంది, కానీ పదేళ్లు ఉంటుంది. సొర, బీర పాదులు పందిరెక్కాక పెద్ద భయం లేదు. లేత పిందెల్ని ఒకటీ అరా కొరుకుతుంది, ఆపాటి కానివ్వండి.

ఇక మేపడం. ఇది చెబితే కొందరికి కోపం రావచ్చు. మిగిలిన అన్నం, పుట్నాలు, పల్లీలు గోడ మీద పెట్టేది మనమే, మొక్క పోయిందని ఏడ్చేదీ మనమే. సెయింట్ జేమ్స్ పార్కులో పిల్లల చేత ఉడతలకు పల్లీలు తినిపించి వీడియో తీసేదీ మనమే. నేనూ తీశాను. రాత్రి మిగిలిన అన్నానికి ఎలుకలు కూడా వస్తాయి. తద్దినం నాడు కాకికి పెట్టే ముద్ద మానమని నేనెవర్ని చెప్పడానికి? పెట్టండి, కాకి ముట్టాక మిగిలింది తీసేయండి. పక్షులకు గింజలు పెట్టేవాళ్లు ఇనుప పంజరం ఉన్న ఫీడర్ వాడండి, గోడకీ చెట్టుకీ ఎనిమిదడుగుల దూరంలో, కింద గొడుగులాంటి అడ్డు ఉన్న కర్రకు తగిలించండి.

మా పక్కింటి పెద్దావిడతో నేను గొడవపడలేదు. అమ్మ చేసిన సున్నుండలు ఒక డబ్బాలో పెట్టుకెళ్లి, మా కుండీలో దొరికిన పల్లీకాయ చూపించాను. ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకుని, "ఓ, సిరిల్!" అంది. దానికి పేరు కూడా ఉందని అప్పుడే తెలిసింది. తొక్కతో ఉన్న పల్లీలు మానేసి, పంజరం ఫీడర్లోకి మారింది. పూర్తిగా మానలేదు, ఆదివారం పొద్దున్న కిటికీలోంచి చూస్తుంటాను, ఆవిడ అటూ ఇటూ చూసి గుప్పెడు విసురుతుంది.

అటకలో ఉడత దూరిన ఇళ్లవాళ్లకు ఒక్కమాట. చప్పుడు వినిపించగానే కన్నం మూసేయకండి. లోపల పిల్లలుంటే తల్లి గోడ కొరుక్కుని వస్తుంది, కరెంటు వైర్లు కూడా కొరుకుతుంది. పనివాడిని పిలవండి, లోపల ఏమీ లేదని తేలాకే మూయించండి.

కార్లైల్, న్యూకాజిల్, అబర్డీన్ వైపు ఆసుపత్రుల్లో పనిచేసే మనవాళ్లకు పైన చెప్పినదంతా సగమే వర్తిస్తుంది. మీ దగ్గర ఎర్రవి ఉండొచ్చు. రంగు చూసి మోసపోకండి, గ్రే ఉడతకు ఎండాకాలంలో ఎర్రటి మచ్చలుంటాయి, ఎర్ర ఉడత చలికాలంలో బూడిద రంగుకు తిరుగుతుంది. ఎర్రదాన్ని పట్టడం, గూడు కదపడం కూడా నేరం. గ్రే ఉడత కనబడితే మీ ప్రాంతపు ఎర్ర ఉడతల సంఘానికి చెప్పండి, మిగతాది వాళ్లు చూసుకుంటారు. ఫీడర్‌ను తరచూ కడిగి ఆరబెట్టండి, వైరస్ అక్కడే అంటుకుంటుంది.

దీనికి అసలు పరిష్కారం మన చేతుల్లో లేదు. గర్భనిరోధక మందును హేజల్‌నట్ ముద్దలో కలిపి గ్రే ఉడతలకు పెట్టే పరిశోధన ప్రభుత్వ శాస్త్రవేత్తలు ఏళ్లుగా చేస్తున్నారు. పైన్ మార్టెన్ అనే ముంగిసంత వేటజంతువు తిరిగి పెరిగిన చోట, ఐర్లండ్‌లోనూ స్కాట్లండ్‌లోనూ, గ్రే ఉడతలు తగ్గి ఎర్రవి పుంజుకున్నాయి. అది మిల్టన్ కీన్స్ దాకా రావాలంటే నా పిల్లల కాలం పడుతుందేమో.

అడ్మిన్లను మూడు అడుగుతాను. బోను ఫొటోలు, అడవుల లొకేషన్లు తీసేయండి. పెట్టినవాళ్లను అందరి ముందూ నిలదీయకండి, విడిగా ఫోన్ చేసి చెప్పండి. వాళ్లకి తెలియక చేశారు, నాలాగే. అమెరికా తెలుగువాళ్ల గార్డెనింగ్ వీడియోలు షేర్ చేసేటప్పుడు "ఉడతల విషయం ఇక్కడ చెల్లదు" అని ఒక ముక్క పైన రాయండి. అక్కడ ఆ ఉడత సొంతింట్లో ఉంది, అక్కడి రూల్సు అక్కడివి.

మూడోది, ఈసారి విత్తనాలతో పాటు మెష్ కూడా పంచుకుందాం. ముప్పై మీటర్ల రోల్ ఒక్కరం కొంటే భారం, పదిహేను ఇళ్లు పంచుకుంటే తలా రెండు మీటర్లు వస్తుంది. ఒక్కో ఇంటికి ఆరేడు కుండీలకు సరిపోతుంది. రోల్ నేను తెస్తాను, ఆ డిక్కీలోనే. మీరు మీ కుండీల మూతులు కొలుచుకుని చీటీ రాసుకుని రండి. చేతికి గట్టి గ్లోవ్స్ తప్పనిసరి, మెష్ కోసిన అంచు బ్లేడులా ఉంటుంది. కటింగ్ ప్లయర్ ఎవరిది వాళ్లు తెచ్చుకోండి, నా దగ్గర ఒక్కటే ఉంది, పోయినసారి ఎవరో పట్టుకెళ్లి ఇంకా ఇవ్వలేదు.

మిల్టన్ కీన్స్ నుంచి,
మీలో ఒకడు